99లో సగం 92: ఆటలో చాకిరీ, బతుకులో చాకిరీ

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేము ఆడేవాళ్లను 99లో సగమెంత అని అడగండి. తడుముకోకుండా 92 అంటారు. ఆ గేములో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, వంట చేయడం లాంటి పనులు 20కి పైగా ఉన్నాయి. ఒక్కో పనిలో 1 నుంచి 99 దాకా లెవెళ్లు. పని చేసిన ప్రతిసారీ గేము కొన్ని పాయింట్లు మన ఖాతాలో వేస్తుంది. వీటిని ఎక్స్‌పీ అంటారు, అనుభవానికి వేసే మార్కులన్నమాట. 99వ లెవెల్‌కు 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ లెవెల్‌కు 65,17,253 చాలు. అంటే 92 దాకా వచ్చినవాడు సగం దారిలోనే ఉన్నాడు. అప్పటిదాకా పడినంత శ్రమ మిగతా ఏడు లెవెళ్లకు మళ్లీ పడాలి.

ఇలా చేసిన పనినే వేలసార్లు చేస్తూ పాయింట్లు పోగేసుకోవడాన్ని గ్రైండింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే చాకిరీ. పగలంతా ఆఫీసులో చాకిరీ చేసి వచ్చిన మనిషి రాత్రి ఫోను పట్టుకుని మళ్లీ చాకిరీకే ఎందుకు కూర్చుంటాడన్నది చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న. దానికి జవాబు అంకెల్లోనే దొరుకుతుంది.

మొదట్లో తేలిక, చివర్లో అంత కష్టం ఎందుకు?

చెట్లు కొట్టే పనినే చూద్దాం. మామూలు చెట్టు నుంచి ఒక దుంగ కొడితే 25 పాయింట్లు. రెండో లెవెల్‌కు కావలసినవి 83. నాలుగు దుంగలతో పని అయిపోతుంది. వెంటనే మన బొమ్మ తలమీద బాణసంచా పేలుతుంది, చిన్న సంగీతం మోగుతుంది. ఇక 98 నుంచి 99కి వెళ్లడానికి కావలసినవి 12,28,825 పాయింట్లు. అప్పటికి మ్యాజిక్ చెట్లు కొట్టే అర్హత వచ్చి ఉంటుంది, ఆ దుంగకు 250 పాయింట్లు. కూలి పదిరెట్లు పెరిగినా ఆ ఒక్క లెవెల్‌కు 4,916 దుంగలు కొట్టాలి. ఆ పాయింట్లతో కొత్తగా చేరినవాడు మొదటి లెవెల్ నుంచి 75 దాకా వెళ్లిపోగలడు.

దీని వెనక ఉన్న సూత్రం మనకు తెలిసిందే. ప్రతి లెవెల్‌కు కావలసిన పాయింట్లు అంతకు ముందుదానికన్నా సుమారు 10 శాతం ఎక్కువ. నూటికి పది చక్రవడ్డీకి అప్పు తెస్తే ఏడేళ్లలో అసలు దాదాపు రెట్టింపవుతుంది కదా, ఇక్కడా అంతే. ఏడు లెవెళ్లు ఎక్కేసరికి శ్రమ రెట్టింపవుతుంది.

దీన్ని గంటల్లోకి మారుద్దాం. గంటకు 50,000 పాయింట్లు వస్తాయనుకుంటే 99కి సుమారు 260 గంటలు పడుతుంది. రోజూ గంటన్నర ఆడేవాడికి ఇది ఆరు నెలల పని. ఎనిమిది గంటల ఆఫీసు రోజుల్లో చెప్పాలంటే 33 రోజులు, అంటే నెలన్నర ఉద్యోగం. ఇది ఒక్క పనికే. ఇదే వేగంతో 20 పనుల్లో 99 తెచ్చుకోవాలంటే 5,200 గంటలు, అంటే రెండున్నరేళ్ల పూర్తికాలపు ఉద్యోగం. కొన్ని పనులు త్వరగా అవుతాయి, కొన్ని ఇంకా నెమ్మది. అయినా లెక్క ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది.

99 వచ్చాక ఏమొస్తుంది? గేములోని నాణేలు 99,000 చెల్లించి ఒక శాలువా కొనుక్కునే హక్కు వస్తుంది. పాయింట్ల లెక్క మాత్రం అక్కడ ఆగదు. 20 కోట్ల దాకా పెరుగుతూనే ఉంటుంది, అంటే 99కి కావలసినదానికి 15 రెట్లు. అక్కడిదాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఇది కంపెనీ వేసిన ఎత్తు కాదా?

కొంతవరకు అవును. రూన్‌స్కేప్‌ను బ్రిటన్‌లోని జాగెక్స్ కంపెనీ 2001లో మొదలుపెట్టింది. పూర్తి గేము కావాలంటే నెలనెలా చందా కట్టాలి. ఆట ఎంత త్వరగా అయిపోతే కంపెనీకి అంత నష్టం. కానీ 2013లో ఆటగాళ్లే పాత, నెమ్మదైన గేము తిరిగి కావాలని పట్టుబట్టారు. కంపెనీ పెట్టిన పోలింగులో 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2007 నాటి గేమును యథాతథంగా తెచ్చి ఓల్డ్ స్కూల్ పేరుతో విడుదల చేశారు. కాబట్టి చాకిరీని కంపెనీ నెత్తిన రుద్దిందని మాత్రమే అనడానికి లేదు. జనమే అడిగి తెచ్చుకున్నారు.

ఎందుకు అడిగి తెచ్చుకుంటారు?

చేసిన పనికి ఫలితం కళ్లెదుట, అక్కడికక్కడ కనిపిస్తుంది కాబట్టి. దుంగ కొట్టిన మరుక్షణం 25 పాయింట్లు జమ. ఎవరి సంతకమూ అక్కర్లేదు, సిఫారసూ పనిచేయదు. నిన్నటి 25 నేడు 20 అయిపోదు.

ముందుకు కదులుతున్నామన్న భావన మనిషిమీద ఎంత పనిచేస్తుందో అమెరికాలో జోసెఫ్ న్యూన్స్, గ్జావియర్ డ్రెజ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. కార్లు కడిగే ఒక షాపులో 300 మందికి కార్డులు పంచారు. సగం మందికి ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం అన్నారు. మిగతా సగానికి పది ముద్రల కార్డు ఇచ్చి, అందులో రెండు ముందే వేసి ఇచ్చారు. రెండు గుంపులూ డబ్బు పెట్టి కడిగించుకోవలసింది ఎనిమిదిసార్లే. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం చివరిదాకా వచ్చారు. రెండు ముద్రలు ముందే ఉన్నవాళ్లలో 34 శాతం వచ్చారు. కొత్త యాప్ వేసుకోగానే ‘మీ ప్రొఫైల్ 20 శాతం పూర్తయింది’ అని కనిపించడం వెనక ఉన్న కిటుకు కూడా ఇదే.

పేరు మారిస్తే మనసు మారుతుందనడానికి 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకో ఉదాహరణ. గేమును పరీక్షిస్తున్న రోజుల్లో ఎక్కువసేపు ఆడినవాళ్లకు పాయింట్లు సగానికి తగ్గించారు. కాస్త ఆగి విశ్రాంతి తీసుకుంటారని కంపెనీ ఉద్దేశం. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు కంపెనీ అంకెలు కదపకుండా పేర్లు మార్చింది. అంతకుముందు మామూలుగా ఇచ్చినదాన్ని ‘విశ్రాంతి తీసుకున్నందుకు 200 శాతం’ అంది, సగానికి తగ్గించినదాన్ని ‘మామూలు 100 శాతం’ అంది. చేతికొచ్చేది ముందెంతో ఇప్పుడూ అంతే. గొడవ మాత్రం సద్దుమణిగింది. జీతం చీటీలో కోతను బోనస్‌గా పేరు మార్చి చూపించినప్పుడు ఈ ఉదాహరణ గుర్తు తెచ్చుకోండి.

నిజజీవితంలో అలాంటి లెక్క కనిపించదా?

కనిపించినా ఉత్సాహం రాదు. ఇల్లు కొన్నవాళ్ల ఈఎంఐ చూద్దాం. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 34,700 రూపాయలు కట్టాలి. మొదటి నెల అందులో 28,300 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 6,400 లోపే. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా ఇంకా 28 లక్షల అప్పు ఉంటుంది. అసలులో సగం తీరేది 13 ఏళ్ల 10 నెలలకు.

గేములో వరస దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అక్కడ మొదటి మెట్లు నిమిషాల్లో అయిపోతాయి, చివరి మెట్లు నెలలు పడతాయి. అప్పులో మొదటి పదేళ్లు చుక్కలు చూపించి, చివరి ఏళ్లు వేగంగా తీరుతుంది. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరి, ఏడెనిమిదేళ్లు కట్టినా అప్పు కదలని మనిషికి, రాత్రి గంటలో రెండు లెవెళ్లు పెరిగిన ఆట ఎందుకు హాయిగా అనిపిస్తుందో చెప్పడానికి మనస్తత్వశాస్త్రం అంతగా అక్కర్లేదు.

లెవెల్‌కూ ర్యాంకుకూ తేడా ఏమిటి?

చాలామంది రెండింటినీ ఒకే గాటన కడతారు. లెవెల్ మన పని మీద మాత్రమే ఆధారపడుతుంది. పక్కవాడు ఎన్ని చెట్లు కొట్టినా మన 92 మనకే ఉంటుంది. ర్యాంకు అలా కాదు, పక్కవాణ్ని దాటితేనే వస్తుంది. మన ఊళ్లలో కుర్రాళ్లు ఆడే బీజీఎంఐ అనే షూటింగ్ గేములో అన్నిటికన్నా పైనున్న మెట్టు కాంకరర్. సర్వర్‌లో మొదటి 500 మందికే ఆ గౌరవం. లక్షలమంది రాత్రంతా మేలుకుని ‘ర్యాంక్ పుష్’ చేసినా 501వ చోటు పుట్టదు. పైగా సీజన్ ముగియగానే ర్యాంకులు కిందికి దించి మళ్లీ మొదలుపెట్టిస్తారు.

తెలుగు ఇళ్లకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఇటీవల ఏడాదికి 14 లక్షలకు పైగా ఉంటున్నారు. ఐఐటీల్లో సీట్లు సుమారు 18 వేలు. దాదాపు 78 మందికి ఒక సీటు. పిల్లలందరూ రోజుకు పది గంటల బదులు పన్నెండు గంటలు చదివినా సీట్లు 18 వేలే. పెరిగేది చదువు గంటలే. ఐటీ కంపెనీల్లో వార్షిక మదింపుదీ ఇదే బాణీ. టీమంతా బాగా పనిచేసినా పై రేటింగు ఇంతమందికే అని ముందే గీత గీసి ఉన్నచోట, ఏడాది తిరిగితే అందరూ మళ్లీ మొదటికొస్తారు. లెవెల్ ఆట అలసట ఇస్తుంది. ర్యాంకు ఆట అలసటతోపాటు ఆదుర్దా కూడా ఇస్తుంది. ఇంట్లో పిల్లవాడు ఆట ముగించి చిరాగ్గా లేస్తున్నాడంటే, వాడు ఆడుతున్నది ఈ రెంటిలో ఏదో ముందు కనుక్కోండి.

డబ్బు కడితే చాకిరీ తప్పుతుంది కదా?

తప్పుతుంది, అందుకే కొన్ని గేముల్లో చాకిరీని కావాలని పెంచుతారు. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకు సిద్ధమైంది. డబ్బు పెట్టి కొన్న గేములోనే డార్త్ వేడర్ పాత్రతో ఆడాలంటే 60,000 క్రెడిట్లు సంపాదించాలని పెట్టారు. అందుకు ఒక్క పాత్రకే సుమారు 40 గంటలు పడుతుందని ఆటగాళ్లు లెక్కతేల్చారు. అంటే వారం ఉద్యోగం. అంత ఆగలేనివాళ్ల కోసం డబ్బుకు దొరికే పెట్టెలు పెట్టారు, వాటిలో ఏముంటుందో తెరిచేదాకా తెలియదు. కంపెనీ తన విధానాన్ని సమర్థించుకుంటూ ఇచ్చిన జవాబుకు ఇంటర్నెట్‌లో 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. అది గిన్నిస్ రికార్డు.

కంపెనీ దిగివచ్చి పాత్ర ధరను 75 శాతం తగ్గించి 15,000 చేసింది. అక్కడితో కథ అయిపోలేదు. గేములోని కథాభాగం పూర్తిచేసినందుకు ఇచ్చే 20,000 క్రెడిట్ల బహుమతిని కూడా అదే ఊపులో 5,000కు తగ్గించింది. ధర తగ్గిందన్న వార్త పెద్దగా వినిపించింది, కూలి తగ్గిన సంగతి వెతికినవాళ్లకే కనిపించింది. చివరికి విడుదలకు ముందు డబ్బుతో కొనుగోళ్లను కొన్నాళ్లపాటు ఆపేయక తప్పలేదు.

మరి ఇలా డబ్బు కట్టి ఆడటం జూదమా, మన దగ్గర నిషేధం ఉంది కదా అన్న సందేహం రావచ్చు. మన దగ్గర నిషేధించింది డబ్బు పందెంగా కాసి, గెలిస్తే డబ్బు పట్టుకెళ్లే ఆటలను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిపై చట్టాలు తెచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. పందెం లేకుండా గంటల కొద్దీ పాయింట్లు పోగేసే ఆట ఈ నిషేధం కిందికి రాదు. అక్కడ మన జేబును, సమయాన్ని మనమే చూసుకోవాలి.

ఈ చాకిరీతో సంపాదించవచ్చా?

సంపాదించినవాళ్లున్నారు. వెనెజులా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, కనీస వేతనం నెలకు కొద్ది డాలర్లకు పడిపోయిన ఏళ్లలో అక్కడి యువకులు కొందరు రూన్‌స్కేప్‌లో ఆకుపచ్చ డ్రాగన్లను చంపుతూ, వాటి ఎముకలూ తోళ్లూ అమ్మి, వచ్చిన గేము బంగారాన్ని విదేశీ ఆటగాళ్లకు డాలర్లకు అమ్ముకున్నారు. గేము నియమాల ప్రకారం అది నేరం, పట్టుబడితే ఖాతా పోతుంది. అయినా స్థానిక జీతంకన్నా అదే నయమనిపించింది. ఒకడికి సరదాగా ఉన్న పని ఇంకొకడికి కూలిపని అయింది.

ఫిలిప్పీన్స్‌లో 2021లో యాక్సీ ఇన్ఫినిటీ అనే గేము దీన్ని బహిరంగంగానే చేసింది. వియత్నాంకు చెందిన కంపెనీ తయారుచేసిన ఆ గేములో గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే టోకెన్లు వచ్చేవి. టోకెన్ అంటే ఇంటర్నెట్ మార్కెట్‌లో అమ్ముకోగల డిజిటల్ నాణెం. ఆడటానికి కావలసిన బొమ్మ జంతువులు కొనే స్తోమత లేనివాళ్లకు యజమానులు వాటిని ఇచ్చి, సంపాదనలో వాటా తీసుకునేవారు. కౌలు పద్ధతి గేములోకి వచ్చిందన్నమాట. 2021 మధ్యలో టోకెన్ ధర 30 అమెరికా సెంట్లు దాటింది. రోజుకు 100 టోకెన్లు తెచ్చుకున్నవాడికి 30 డాలర్లు. ఏడాది తిరిగేసరికి ధర ఒక్క సెంటు కన్నా కిందికి పడింది. అదే 100 టోకెన్లకు ఇప్పుడు డాలరు కూడా రాదు. మధ్యలో, 2022 ఫిబ్రవరిలో, రోజువారీ పనులకు ఇచ్చే టోకెన్లను కంపెనీ ఎత్తేసింది. ఆడేవాళ్ల వేలు నొక్కుడు తగ్గలేదు, నైపుణ్యమూ తగ్గలేదు. వాళ్ల చేతిలో లేని రెండు అంకెలు మారాయి.

ఉద్యోగాన్నే ఆటగా మారిస్తే?

ఇప్పుడు జరుగుతున్నది అదే. ఊబర్ డ్రైవర్లు ఆ రోజుకు చాలించి యాప్ ఆపబోతే, ఇంకో 10 డాలర్లు వస్తే 330 పూర్తవుతాయి, నిజంగా ఆపేస్తారా అని తెరమీద కనిపించేదని న్యూయార్క్ టైమ్స్ 2017లో రాసింది. ఆ 330కి ప్రత్యేకత ఏమీ లేదు. మనిషిని లేవనీయకుండా ముందు పెట్టిన గీత అది.

మన వీధుల్లో తిరిగే డెలివరీ కుర్రాడి లెక్క ఊహించి చూద్దాం. ఆర్డరుకు 35 రూపాయలు, రోజుకు 20 ఆర్డర్లు పూర్తయితే 200 బోనస్ అనుకుందాం. రాత్రి పదిన్నరకు 17 అయ్యాయి. మిగిలిన మూడింటికి మామూలుగా 105 రూపాయలు, బోనసుతో కలిపితే 305. అంటే ఆ మూడు ఆర్డర్ల విలువ దాదాపు మూడింతలైంది. 19 దగ్గర ఆగితే ఆ 200 మొత్తం పోతుంది. వాన పడుతున్నా, బండిలో పెట్రోలు అడుగంటినా అతను ఎందుకు ఆగడో ఇప్పుడు తెలుస్తుంది. ఇక కంపెనీ ఒక ఉదయం 20ని 24 చేసిందనుకోండి. 20 ఆర్డర్లకు బోనసుతో కలిపి 900, ఆర్డరుకు 45 పడేది. 24కి 1,040, ఆర్డరుకు 43 రూపాయల 33 పైసలు. రోజు సంపాదన పెరిగినట్టే కనిపిస్తుంది, ఆర్డరు రేటు మాత్రం తగ్గింది.

ఇది కొద్దిమంది సంగతి కాదు. యాప్‌ల మీద ఆధారపడి పూటపూటకూ పనిచేసే గిగ్ కార్మికులు 2020-21లో దేశంలో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

మరి ఇది వ్యసనమా?

గంటలు చూసి తేల్చకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను జబ్బుల పట్టికలో చేర్చింది, 2022 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో చూసేవి మూడు: ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం. ఇవి సాధారణంగా 12 నెలలుగా ఉంటూ, చదువునో ఉద్యోగాన్నో ఇంటినో గట్టిగా దెబ్బతీస్తుంటే అప్పుడు డాక్టరును కలవాలి. సెలవుల్లో రెండు వారాలు అదే పనిగా ఆడిన పిల్లవాడికి ఆ పేరు పెట్టనక్కర్లేదు.

ఇన్ని అంకెలు చూశాక తేలేది ఇది. మనుషులకు చాకిరీ అంటే భయం లేదు. 1.3 కోట్ల పాయింట్లు కూడా పోగేస్తారు, కాకపోతే కూలి ఎంతో ముందే తెలియాలి, మధ్యలో మారకూడదు. ఆట ఆ మాట నిలబెట్టుకున్నంతకాలం జనం అక్కడికే పోతారు. ఉద్యోగాలూ చదువులూ ఆ మాట ఇవ్వలేకపోవడం ఆట తప్పు కాదు.

కాబట్టి కొత్త గేము మొదలుపెట్టినా, కొత్త ఉద్యోగంలో టార్గెట్టుకు ఒప్పుకున్నా ముందే కొన్ని సంగతులు అడిగి రాసి పెట్టుకోండి. ఎంత పనికి ఎంత వస్తుంది? ఆ రేటును మార్చే అధికారం ఎవరిది, ముందుగా చెబుతారా? నా ఫలితం నా పని మీదే ఆధారపడుతుందా, పక్కవాళ్లను దాటితేనే వస్తుందా? ఎక్కడ ఆగవచ్చు? గేములో వీటికి సరైన జవాబు లేకపోతే యాప్ తీసేయండి. ఉద్యోగంలో లేకపోతే ఒక్కరుగా కాక, తోటివాళ్లతో కలిసి వెళ్లి రాతపూర్వకంగా అడగండి.